చారులో పడ్డ రేల గింజలు

మా కాలంలో కొత్త కోడలు పుట్టింటి నుంచి సారె తెచ్చుకునేది. నేను సారెతోపాటు, మార్కాపురం నుంచి కొమరోలుకు సంచీ నిండా ఎండిన రేలకాయలు కూడా తెచ్చుకున్నాను. బస్సులో పక్కనున్న ఆమె "ఏందమ్మా, మునగకాయలు ఇట్ల ఎండబెట్టినారు?" అని జాలిపడింది. ఎండలు ముదిరాయంటే మా వాకిట్లో రేలచెట్టు పసుపు పూలగుత్తులు వేలాడేసేది. నా పెళ్లయ్యాక ఇల్లు ముందుకు పెంచాలని నాయన దాన్ని కొట్టించాడు. ఆ కాయలే ఆఖరివి. వాటిలో ఒక్క గింజైనా అత్తవారి వాకిట్లో మొలవకపోతే నా చెట్టు ఇక లేనట్టే.

సగం కాయల గింజలు కవర్లలో మట్టి నింపి నాటాను. రెండు పూటలా నీళ్లు పోసి, వాటితో కబుర్లు కూడా చెప్పేదాన్ని (నవ్వకండి, ఆ వయసులో మీరూ దేనితోనో ఒకదానితో మాట్లాడే ఉంటారు). ఒక్కటీ మొలకెత్తలేదు. మిగిలిన కాయలన్నీ పగలగొట్టి, గింజలు విడిపోతాయని గుజ్జుతో సహా గిన్నెలో నానేసి, వంటింటి గట్టు మీద పెట్టి, బట్టలు ఆరేయడానికి మిద్దె ఎక్కాను. అత్తమ్మకు అప్పట్లో కళ్లలో శుక్లాలు, ఆపరేషన్ అంటే భయం. నల్లగా జిగటగా ఉన్న గుజ్జును చింతపండనుకుని, వేడినీళ్లు పోసి పిసికి, గింజలు పెంటదిబ్బ మీద పారేసి, చారు పెట్టేసింది.

నేను దిగేసరికి మామయ్య రెండోసారి పోయించుకుంటున్నాడు. "పులుపే లేదేందే?" అంటే "పాత చింతపండు, అట్లనే ఉంటాది, తిను" అంటోంది అత్తమ్మ. ఖాళీ గిన్నె చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. "మామయ్యా, అది రేల గుజ్జు..." అన్నాను. అది విరేచనాల మందని ఆయనకూ తెలుసు. ఒకసారి కంచం వైపు, ఒకసారి చెంబు వైపు చూశాడు. ఆ పూట పెరటి తలుపు మూసే పని ఎవరికీ పడలేదు. సాయంత్రం నేను మూల కూర్చుని ఏడుస్తుంటే అత్తమ్మ నీరసంగా వచ్చి, "పోయింది మా కడుపులు గదా, నువ్వెందుకు ఏడుస్తావు అమ్మాయ్?" అంది. చెట్టు సంగతంతా చెప్పాను.

ఆ తర్వాత ఆమె రోజూ పొద్దున్నే పెంటదిబ్బ దగ్గర వంగి చేతులతో తడుముతుండేది. కోడి అక్కడ గుడ్డు పెట్టిందేమోననుకున్నాను. తొలి వానలు పడ్డ వారానికి "అమ్మాయ్, తొందరగా రా!" అని కేక. "గోగు కాదు, చింత కాదు, చేతికి కొత్తగా ఉంది. నీదేనేమో చూడు." నాదే! నేను బుజ్జగించిన గింజలు కదల్లేదు, వేడినీళ్లు తగిలినవి మొలిచాయి. ఆ గట్టి తోలు మెత్తబడటానికి అవే కావాలని నాకు తర్వాత తెలిసింది. "దీనికోసమా అత్తమ్మా రోజూ..." అన్నాను. "కవర్లతో నువ్వు మాట్లాడేది వింటానే ఉండా గదా" అంది. మామయ్య పార తెచ్చి, "జరగండి, వాకిట్లో నేను నాటుతా. నా కష్టం గూడా ఉంది దీంట్లో" అన్నాడు.

ఇప్పుడు ఎండాకాలం వస్తే మా వాకిలంతా పసుపే. అత్తమ్మ ఎప్పుడో ఆపరేషన్ చేయించుకుంది. కాయలడిగిన వాళ్లకు ఇస్తూ, వంటింట్లో మాత్రం పెట్టొద్దని తనే చెబుతుంది. కవర్ల ముందు కూర్చుని గింజలతో గుసగుసలాడిన ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది. కొత్త ఇంట్లో తన మాట వినేవాళ్లే లేరనుకునేది పాపం.