వంటింట్లో నేర్చిన పాట

బానిసలుగా సముద్రం దాటి బ్రెజిల్ పోయినవాళ్ల సంతతి తిరిగొచ్చి కట్టుకున్న పోర్తో-నోవో బ్రెజిల్ పేటలో సెనామిని ఎవరూ పేరుపెట్టి పిలవరు, చేపలామె అంటారు. పొద్దున్నే సరస్సు ఒడ్డున పొగబెట్టిన చేపలు అమ్మడం, మధ్యాహ్నానికి ఇల్లు చేరి అత్త ఎర్మెలిందాకు చిక్కుడుగింజలూ పంది మాంసమూ కలిపి వండిపెట్టడం, పందొమ్మిదేళ్లుగా ఇదే ఆమె బతుకు. పండగ ఊరేగింపులో పాట ఎత్తుకునేది ఆ అత్తే. పచ్చ పట్టీ ఎవరి భుజాన ఉంటే వాళ్లే పాట మొదలెట్టాలి. పాట మొదలవకపోతే చదరపు డప్పులు మోగవు, మనిషి లోపల దూరి ఆడించే గుడ్డ గాడిద అడుగు వేయదు.

తనకూ ఆ పాటలు నేర్పమని సెనామి ఒకే ఒక్కసారి అడిగింది.

"మావాళ్లు గొలుసులతో పోయి పాటలతో తిరిగొచ్చారే. మీవాళ్లు ఒడ్డున నిలబడి మమ్మల్ని అమ్మారు. నీకెందుకే ఇవి?" అంది అత్త.

సెనామి మళ్లీ అడగలేదు. శనివారాల్లో వసారాలో సాధన జరుగుతుంటే వంటింట్లో మిరపకాయలు నూరుతూ వినేది. పాట సాగినంతసేపూ నూరేది కాబట్టి ఆ ఇంటి కూరల్లో కారం ఎప్పుడూ ఒక పాలు ఎక్కువే.

ఈ జనవరిలో సరిగ్గా పండగనాడే అత్త గొంతు పూర్తిగా పోయింది. వంత పాడే ఆడవాళ్లకు పల్లవులే తప్ప చరణాలు రావు. పెద్దలు తలలు పట్టుకున్నారు. ఆ సమయానికి బ్రెజిల్ నుంచి రోజిల్దా అనే యాత్రికురాలు పేటకు వచ్చి ఉంది.

"అక్కడి పిల్లే కదరా! పాటలు దాని రక్తంలోనే ఉంటాయి" అన్నాడు డప్పుల పెద్ద బొనిఫాసియో. ఆమె వద్దు వద్దంటున్నా సిగ్గుపడుతోందనుకుని, అత్త చేతే పట్టీ వేయించారు.

డప్పులవాళ్లు చేతులెత్తి ఎదురుచూశారు. రోజిల్దా అడ్డంగా తల ఊపింది.

"క్షమించండి. ఈ పాటలు మా ఊళ్లో ఎవరూ పాడరు. నేనెప్పుడూ వినలేదు" అంది వచ్చీరాని ఫ్రెంచిలో.

"అయ్యో తల్లీ, మరి మీరంతా ఏం పాడుకుంటారు?" అన్నాడు బొనిఫాసియో తెల్లబోయి. ఊరేగింపు ఆపేద్దామని ఎవరో అన్నారు.

వెనక నీళ్ల బిందెతో నిలబడ్డ సెనామికి, ఇవాళ ఆగితే ఈ పాటలు ఇక ఆగిపోయినట్టే అనిపించింది. బిందె దించి, కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. ఒక్క మాట తడబడలేదు, ఒక్క దరువు తప్పలేదు. సముద్రం దాటి వచ్చి, పుట్టిన చోటే మాసిపోయిన పాటను ఆ చేపలామె ఎంత భద్రంగా దాచిందో చూసి వీధి వీధంతా నోరెళ్లబెట్టింది.

ఎర్మెలిందా ముందుకు నడిచింది. చెంప పగలగొడుతుందనుకున్నారు చాలామంది. ఆవిడ రోజిల్దా భుజం మీది పట్టీ తీసి, కోడలి భుజాన వేసి, ముడి బిగించింది.

తర్వాత వంత పాడే ఆడవాళ్ల వరుసలోకి వెళ్లి, చిట్టచివర నిలబడింది. సెనామి పల్లవి అందించగానే, గొంతు లేని ఆ ముసలావిడ అందరితోపాటు నోరు తెరిచింది.