పూల్‌సింగన్న డబ్బా స్టేటస్

పూల్‌సింగన్న టిఫిన్ డబ్బా మూత తీస్తే, ముందు తినేది ఆయన కాదు, ఆయన ఫోను. చండ్రుగొండ దగ్గర మా ప్లైవుడ్ ఫ్యాక్టరీలో ఏడేళ్లుగా ఇదే తంతు. పొద్దున ఎనిమిదింటికల్లా ఆయన వాట్సాప్ స్టేటస్‌లో జొన్నరొట్టెలు, కూర ప్రత్యక్షం. పక్కన ఒక్క అక్షరం ముక్క ఉండదు. కూతురి పెళ్లినాడు కూడా పెళ్లికూతుర్ని వదిలేసి పప్పుచారు ఫొటో పెట్టిన మహానుభావుడు.

"అన్నా, ఇయ్యాల గూడ బోడకాకరేనా?" అని దూలయ్య ఎగతాళి చేసేవాడు. చేస్తూనే ఒంటిగంటకు పక్కన చేరి రెండు రొట్టెలు లాగించేవాడు. మేనేజర్ జయప్రకాశ్ గారైతే గేటు దగ్గరే తీర్పు చెప్పేవారు. "ఉప్పెక్కువైందయ్యా, రంగు చూస్తేనే తెలుస్తోంది."

పోయిన వానాకాలం గేటుకు ఒక కాగితం అంటించారు. సోమవారం నుంచి పద్దెనిమిది మంది కాంట్రాక్టు వాళ్లు పనికి రావద్దట. దూలయ్య, ముత్తక్క, నేను అందులో ఉన్నాం.

మర్నాడు ఎనిమిదింటికి స్టేటస్ వచ్చింది. బల్ల మీద బోర్లించిన డబ్బా. కూర లేదు, రొట్టె లేదు.

దూలయ్య వెంటనే ఫోన్ చేశాడు. "ఏందన్నా, వదిన వండలేదా?"

"వండింది. పద్దెనిమిది డబ్బాలు బోర్లవడ్డయి గద, గందుకే."

సాయంత్రానికి అందరి స్టేటస్‌లలో బోర్లించిన డబ్బాలే. "నాకు డబ్బా యాడిది?" అంటూ దూలయ్య హెల్మెట్ బోర్లించాడు. ముత్తక్క మాత్రం నిలబెట్టిన డబ్బా పెట్టింది.

"గట్ల కాదక్కా, బోర్లియ్యాలె!"

"ఫోను తలకిందులు జేసి సూడు. బోర్లనే ఉంటది" అంది ధీమాగా.

కంపెనీ ఫేస్‌బుక్ పేజీలో కొత్త తలుపు ఫొటో కింద కూడా మూడు వందల డబ్బాలు చేరాయి. "మీరు అమ్మేది తలుపులా, గిన్నెలా?" అని ఒక వ్యాపారి అడిగాడట.

నాలుగోనాడు మేనేజర్ అందర్నీ పిలిచారు. "పూల్‌సింగ్, నువ్వు పర్మనెంటు. లిస్టులో నీ పేరే లేదు. నీ ఉద్యోగం కూడా పోగొట్టుకుంటావా?"

"నా డబ్బాల నేనొక్కణ్నే తింటున్ననా సార్? డబ్బా తేనోళ్లు అడుగనీకి సిగ్గువడ్తరు. కూర సూస్తే ఆళ్లే వచ్చి కూసుంటరు. ఏడేండ్ల సంది ఫొటో పెడ్తున్నది గందుకే."

దూలయ్య హెల్మెట్ సర్దుకుంటూ నేల చూశాడు. నేనూ తల దించుకున్నాను. ఆ రొట్టెల్లో నా వాటా తక్కువేమీ కాదు. అన్నాళ్లూ ఆయనది ఫొటోల పిచ్చి అనే అనుకున్నాను.

మేం డబ్బాలు బోర్లించే ఉంచాం. శనివారం ఆ కాగితాన్ని మేనేజరే స్వయంగా చింపేశారు.

సోమవారం ఎనిమిదింటికి స్టేటస్‌లో డబ్బా నిటారుగా నిలబడింది. మళ్లీ బోడకాకరే. ఒంటిగంటకు మేమంతా చుట్టూ చేరేసరికి మేనేజర్ గారు చేతులూపుకుంటూ వచ్చారు.

"డబ్బా మర్సిపోయిండ్రా సార్?" అంది ముత్తక్క.

"కూర చూశానమ్మా" అన్నారాయన మెల్లగా.

పూల్‌సింగన్న పక్కకు జరిగి చోటిచ్చాడు. "కూసోండ్రి సార్. ఇయ్యాల ఉప్పు సంగతి తిని చెప్పుండ్రి."