బార్సిలోనాలో అమాస

స్పెయిన్ ఎలా ఉందని నన్ను అడగకపోతేనే మంచిది. అడిగినవాళ్లకు ఒకటే చెప్తాను. అక్కడ రాళ్లున్నాయి, రాళ్ల ముందు లైన్లున్నాయి, ప్రతి లైన్లో నాకంటే ముందు మా అన్న ఉన్నాడు.

మాది నల్లగొండ వైపు చిటికి చీరలు నేసే ఊరు. నూలును ముందే లెక్క ప్రకారం గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి నేస్తే చీర మీద బొమ్మ తేలుతుంది. కట్టడం, నేయడం నాదీ నా భార్యదీ. అమ్మడం మా అన్న పని. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాదే ఆయన తన మగ్గం గుంత పూడ్పించి, హైదరాబాద్‌లో షోరూం పెట్టాడు. షోరూం గోడ మీద మగ్గం ఫోటో ఒకటి పెద్దదిగా వేయించాడు. అందులో కాళ్లు గుంతలో పెట్టి కూర్చున్నది నేనే. మొహం మాత్రం కనిపించదు, బోర్డు కోసం కత్తిరించారు.

చిటికిలో పోగు వెంట్రుకవాసి జరిగినా బొమ్మ అంచు చెదురుతుంది. చెదిరిన చీరను అన్న వేలితో పక్కకు నెడతాడు, మాట కూడా అనడు. ఒక రోజు నేను షోరూంలో ఉండగా ఎవరో విదేశీ ఆవిడ వచ్చి తన ఫోన్‌లో ఒక బట్ట చూపించింది. స్పెయిన్‌కు చెందిన ఒక దీవిలో, పాల్మా అనే ఊళ్లో నేస్తారట. చూడగానే పోల్చుకున్నాను. మా పనే. కట్టి, ముంచి, విప్పి నేసిన పనే. అంచులన్నీ చెదిరి మంట నాలుకల్లా ఉన్నాయి. నాలుకల బట్ట అనే పేరు కూడా ఆ అంచుల వల్లే వచ్చిందట. మా ఇంట్లో ఏది తప్పో, వాళ్ల ఇంట్లో అదే పేరు. ఆ మగ్గం పక్కన ఒక్క పూట కూర్చోవాలనీ, పోగు జరగకుండా వాళ్లు ఏం చేస్తారో, కావాలనే జరగనిస్తారో చూడాలనీ మనసులో పడిపోయింది. ఆ మాట అన్నతోనూ అన్నాను.

కొన్నాళ్లకు బార్సిలోనాలో చేనేత మేళా అన్నారు. జనం ముందు కూర్చొని నేసే మనిషి ఒకడు కావాలట. అన్న ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. మా ఇంటికి ఆయన రావడం అప్పటికి రెండేళ్ల తర్వాత.

"తమ్మీ, నువ్వు రావాలె. మేళా అయిపోయినంక నీ పాల్మాకు నేనే తోల్కపోత. ఒక దినం పూర్తిగ నీదే."

అందుకే వెళ్లాను. ఈ మాట ముందే చెప్పేస్తే మిగిలిందంతా అర్థమవుతుంది.

మేళాకు ముందు వారం రోజులు ఊళ్లు చూడాలని అన్న, వదిన ఏర్పాటు చేసుకున్నారు. వాళ్లతో నేనూ, నాతో రెండు పెట్టెలూ. వదిన మనిషి చెడ్డది కాదు. హాలియాలో బట్టల దుకాణం ఉన్న ఇంట్లో పుట్టింది కాబట్టి ఏది చూసినా ముందు వేలితో తడిమి చూస్తుంది, రాజుగారి కోట గోడనైనా సరే. మాడ్రిడ్‌లో పెద్ద చౌరస్తా ఒకటి, చుట్టూ ఎర్ర గోడలు, మధ్యలో గుర్రం మీద రాజు. ఒళ్లంతా వెండి రంగు పూసుకున్న ఒకాయన కదలకుండా నిలబడి ఉన్నాడు. ముందు డబ్బా, చుట్టూ జనం. అన్న అతని పక్కన ఫోటో దిగి, "చూసినవారా, నిలబడ్డందుకే పైసలు" అన్నాడు. కూర్చుని నేసేవాడి ముందు ఆ మాట అనడానికి కొంచెం సిగ్గుండాలి.

సెవిల్‌లో రోడ్ల పొడుగునా నారింజ చెట్లు, ఎవరూ కోయని కాయలు. ఇంత మంచి కాయలు వదిలేస్తారా అని అన్న ఒకటి తెంపి కొరికాడు. చేదు. నడిరోడ్డు మీద ఉమ్మలేక, మింగలేక ఆయన పడ్డ తంటా చూసి నాకు ఆ దేశం మీద మొదటిసారి కాస్త ప్రేమ పుట్టింది. ఆ సాయంత్రం అర్ధచంద్రంలా ఉన్న పెద్ద భవనం ముందు, ఊరికొకటి చొప్పున పలకలు పరిచిన అరుగులు చూశాం. ఏ ఊరిదో ఒక్కదాని పేరూ చదవకుండా వదిన అన్నిటి మీదా కూర్చుంది. అన్నిటికీ ఫోటో తీసింది నేనే. ఒక్కదానిలోనూ నేను లేను.

గ్రనడాలో అల్హంబ్రా కోట దగ్గర మాత్రం నా నోరు మూతపడింది, నిజం చెప్పాలి. గోడల మీద రంగు పలకలు ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోతున్నాయి. ఎక్కడ మొదలైందో, ఎక్కడ తిరిగి అదే వచ్చిందో నేను వేళ్ల మీద లెక్కపెడుతూ నిలబడ్డాను. చిటికి కట్టేవాడికి అది తప్పదు, బొమ్మ కనిపిస్తే మడత ఎక్కడో వెతుకుతాడు. సగం లెక్కలో ఉండగా అన్న భుజం పట్టి గుంజాడు.

"బండలు సూసుకుంట నిలవడ్డవేందిరా? లోపల సింహాలున్నయంట, పా జల్ది. మన టైం అయిపోతది."

లెక్క పోయింది. సింహాలు చూశాం. పన్నెండు సింహాలు నీళ్లు కక్కుతున్నాయి. నాకైతే ఆ పూట మా అన్న పదమూడోవాడిలా కనిపించాడు.

బార్సిలోనాలో మొదటి రోజు మేళా హాలులో మగ్గం బిగించాను. ఇంటి దగ్గరే కట్టి రంగులో ముంచి తెచ్చిన నిలువు పోగుల పడుగు ఎక్కించాను. అక్కడ దుబాసీగా పెట్టిన అమ్మాయికి హిందీ వచ్చు. రేపు ఈ హాలులో నేస్తాననీ, మేళా అయ్యాక మేం పాల్మా వస్తున్నామనీ నాలుకల బట్ట నేసే ఇంటికి ఆమె చేత కబురు రాయించాను. ఎంత ఆశగా రాయించానంటే, నా చేతులు ఎలా ఉంటాయో కూడా రాయమన్నాను. ఆ అమ్మాయి నవ్వి రాసింది.

మధ్యాహ్నం పెద్ద చర్చికి తీసుకెళ్లారు. నూరేళ్ల పైనుంచి కడుతూనే ఉన్నారట, గోపురాల పక్కన క్రేన్లు నిలబడి ఉన్నాయి. "మన యాదగిరిగుట్ట ఎన్ని దినాల్ల కట్టిన్రు, వీళ్లకు శాతనైతలేదు" అని అన్న గట్టిగా అంటుంటే లైన్లో ముందున్న జంట వెనక్కి తిరిగింది. హైదరాబాద్ వాళ్లే. పలకరింపులయ్యాయి. వాళ్లు నన్ను చూపించి ఎవరని అడిగారు.

"మా నేతగాడు" అన్నాడు అన్న. "మేళాల కూసొని నేస్తడు."

తమ్ముడని అనలేదు. నేను వదిన సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. వదిన నేల చూపులు చూసింది. లోపల రంగు అద్దాల నుంచి ఎండ పడి స్తంభాలన్నీ ఎరుపూ పచ్చా అయ్యాయంటారు, అయ్యాయేమో. నాకు కళ్లు మండుతున్నాయి. బయటికొచ్చేదాకా ఆ ఒక్క మాటే నమిలాను.

మర్నాడే అసలు రోజు. కొనేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారని అన్న కొత్త కోటు వేసుకున్నాడు. నేను మాత్రం గదిలో మంచం మీద నుంచి లేవలేదు.

"ఏమైందిరా?"

"ఇయ్యాల అమాస. నేను నాడె ముట్ట."

నేతగాళ్లకు అమాస సెలవు, ఆ రోజు మగ్గం జోలికి పోరు, అడ్డ పోగు తోసే నాడెను తాకరు. తాతల నాటి పద్ధతి. మగ్గం పూడ్చుకున్నవాడికి తిథి ఎందుకు గుర్తుంటుంది? మా బాపు కన్న కొడుకై ఉండి పద్ధతిని కాదనే నోరు మాత్రం ఆయనకు లేదు. అది తెలిసే అన్నాను.

"గిట్ల చేస్తవారా? గిన్ని దినాలు జెప్పకపోతివి."

"నువ్వు అడగకపోతివి. నేతగాణ్ని గద, నాకు అమాస ఉంటది. షోరూమోళ్లకు ఉండదు."

"ఐతే ఇను. పాల్మా లేదు, ఏం లేదు."

తలుపు విసురుగా వేసి పోయాడు. నేను పక్కకు తిరిగి పడుకున్నాను. గెలిచానని అనిపించింది, అబద్ధమెందుకు.

ఇక నా సంగతి. పండగ ముందు చీరలు త్వరగా పంపమని ఆయనే తొందర పెడుతుంటే, ఎన్ని అమాసలకు మగ్గం గుంతలోకి దిగి నేశానో నాకే లెక్క లేదు. స్పెయిన్ బయల్దేరడానికి ముందు నెల అమాసకు కూడా తెల్లారకముందే కూర్చున్నాను. నా భార్య వారించింది, వినలేదు. ఆ రోజు నా నోట్లోంచి వచ్చింది భక్తి కాదు, కక్ష. పద్ధతిని రాయిలా తీసుకుని అన్న మీద విసిరాను. హాలులో మగ్గం ఖాళీగా ఉందన్న ఊహే నాకు ఆ పూట అన్నమైంది.

సాయంత్రం వదిన వచ్చింది. మొహం కడుక్కోకుండానే కుర్చీలో కూలబడింది.

"పాల్మా నుంచి ఒకామె వచ్చింది. ముసలామె. నువ్వు రాయించినవట గద, నీ చేతులు సూడాలని పొద్దుటి విమానమెక్కి వచ్చిందంట. రెండు గంటలు ఆ మగ్గం కాడ నిలవడ్డది."

నేను లేచి కూర్చున్నాను. వదిన ఫోన్ తీసి చూపించింది. తెల్ల జుట్టు, పొట్టి మనిషి. నా పడుగును కింద నుంచి చేత్తో ఎత్తి వెనక వైపు చూస్తోంది. నేసేవాళ్లే అలా చూస్తారు. వేళ్ల కణుపుల మీద రంగు, నా వాటి మీద ఉన్నట్టే.

"నీ పడుగుల ఒక కాడ బొమ్మ అంచు చెదిరింది గద, గాడ వేలు పెట్టి ఏందో చెప్పింది. దుబాసీ పిల్ల అప్పటికి లేకుండె. మాకేం సమజ్ కాలే. పిల్ల వచ్చినంక మల్ల అడుగుడు యాదికి రాలే."

నాకు కావలసింది ఆ ఒక్క మాటే. దాని కోసమే దేశం దాటాను.

"నేనెందుకు లేనని అడగలేదా?"

"అడిగింది. పిల్ల వచ్చినంక మీ అన్న చెప్పిండు. మా తమ్ముడు అమాస నాడు మగ్గం ముట్టడు, గంత నియమం గలోడు అని. ఆమె ఇన్నది. ఖాళీ మగ్గానికి రెండు చేతులు జోడించి దండం పెట్టి పోయింది."

తమ్ముడు అన్నాడట. అది కూడా అప్పుడే విన్నాను.

ఊరికి వచ్చాక అన్నతో నాకు మాటలు తక్కువ. చీరలు పంపుతాను, ఆయన అమ్ముతాడు, చెదిరినవాటిని ఇప్పటికీ పక్కకు నెడతాడు. నా కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. కానీ అప్పటి నుంచి ఏ అమాసకూ నేను మగ్గం గుంతలోకి దిగలేదు. అన్న ఎంత తొందర పెట్టినా సరే. ఆ ముసలామె దండం పెట్టింది నాలో లేని మనిషికి.