కండువా కింద బేరం

మా అమ్మాయికి ఆరేళ్లు నిండేలోపు మా ఇంట్లో పోయినవి ఇవి: పలకలు నాలుగు, నా చెప్పు ఒకటి, మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు, పక్కింటివాళ్ల గడియారం. చెప్పు ఎలా పోయిందో ఇప్పటికీ చెప్పలేదు. చెంబు మాత్రం నూతిలో వేసింది. అది నీళ్లను తాకేలోపు ఎంతవరకు లెక్కపెట్టగలదో చూడాలట.

"ఎంతవరకు వచ్చిందే?" అన్నాను కోపం దిగమింగుకుని.

"చప్పుడు విని మర్చిపోయాను. ఇంకో చెంబుందా?"

గడియారాన్ని విప్పడమే కాదు, మళ్లీ బిగించింది కూడా. ఒక చక్రం మిగిలింది. అక్కర్లేదు గనకే మిగిలిందని వాదించింది.

అప్పట్లో నేను గుంటూరులో ఒక మిరపకాయల కమీషన్ కొట్టులో లెక్కలు చూసేవాణ్ణి. బడిలో చదివింది మూడో తరగతి వరకే. మిగతాదంతా బస్తాల దగ్గర, కాటా దగ్గర సొంతంగా పట్టుకున్నది. అందుకే పిల్లకి లెక్కలు నేనే చెప్పాలని ఆశ. అది పలక ముట్టదే! "కనిపించే అంకెలు ఎవరైనా కూడతారు" అని విసిరికొట్టేది. నాలుగూ అలా పోయినవే.

విసిగి, ఒక సాయంత్రం కొట్టు పద్ధతి ఎత్తుకున్నాను. మా దగ్గర ధర నోటితో చెప్పుకోరు. కమీషన్‌దారు, కొనేవాడు కండువా కింద చేతులు కలిపి వేళ్లు పట్టుకుంటారు. ముందు పట్టిన వేళ్లు పదులు, తర్వాత పట్టినవి ఒకట్లు; ఒక్కసారే పడితే ఒకట్లే, ఐదు దాటితే చెయ్యంతా పట్టి మిగతా వేళ్లు కలుపుతారు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. నేను మోకాళ్ల మీద కండువా పరిచి, దాని కింద పిల్ల వేళ్లు పట్టి "ఎంత?" అన్నాను. ఠక్కున చెప్పింది. కూడికలు, తీసివేతలు అన్నీ ఆ కండువా కిందే వచ్చేశాయి. నా ఆనందం అంతా ఇంతా కాదు.

ఒకరోజు మా ఆవిడ "ఇల్లు అలుక్కోవాలి, దీన్ని కాసేపు తీసుకుపోండి" అంది. సంబరంగానే కొట్టుకి తీసుకెళ్లాను. దర్శి వైపు నుంచి వచ్చిన ఒక రైతు సరుకుకి బేరం జరుగుతోంది. మా యజమాని చెయ్యి, ఎప్పుడూ మా దగ్గరే కొనే షావుకారు చెయ్యి కండువా కింద ఉన్నాయి. ఇది వాళ్ల మధ్య దూరి, తన చెయ్యి కూడా లోపలికి పోనిచ్చి తడిమి, "పదహారు!" అని అరిచింది.

అంతా ఘొల్లున నవ్వారు. వెనక నిలబడ్డ ఇంకో వ్యాపారి "అయితే నాది పదిహేడు" అన్నాడు పైకే. రైతుకి నవ్వాగలేదు. షావుకారు చెయ్యి విదిలించుకుని వెళ్లిపోయాడు.

"ఏమయ్యా, ఇదేమన్నా బొమ్మల కొలువా?" అన్నాడు మా యజమాని. "రేపు పొద్దున్న నీ కూతురు ఆయనకి తప్పయిందని చెప్పాలి. ఆయన మళ్లీ నా అరుగెక్కకపోతే నువ్వూ ఎక్కొద్దు."

ఆ అరుగు పోతే నా మూడో తరగతికి ఇంకెవరూ పని ఇవ్వరు. ఇంటికొచ్చి పిల్లని బతిమాలాను.

"పదహారు కాదా?" అంది.

"పదహారే."

"మరి తప్పయిందని ఎందుకనాలి?"

"అది దాచుకునే ధర అమ్మా."

"నువ్వు 'ఎంత?' అంటే పైకి చెప్పాలన్నావుగా!"

మా ఆవిడ బెల్లం ముక్క చూపించింది, తర్వాత విసనకర్ర తిరగేసి చూపించింది. రెంటికీ కదల్లేదు.

చివరికి కండువా పరిచాను. వెంటనే వచ్చి కూర్చుంది. తప్పయిందని చెబితే సైకిలు మీద నల్లపాడు స్టేషనుకి తీసుకెళ్లి రైళ్లు చూపిస్తానన్నాను. ఎన్నిసార్లన్నదే బేరం. నేను రెండు వేళ్లు పట్టాను. అది ఒక వేలు పట్టి వదిలి, మళ్లీ రెండు పట్టింది. పన్నెండు! నేను నాలుగుకి వచ్చాను, ఆరుకి వచ్చాను, ఎనిమిదికీ వచ్చాను. అది దిగలేదు. పన్నెండుకే తెగింది.

పొద్దున్నే షావుకారు ఎదుట చేతులు కట్టుకుని నిలబడింది. "మీ ధర పైకి చెప్పాను. తప్పయిందండి. ఇంకెప్పుడూ చెప్పను." కాస్త ఆగి, "కానీ పదహారేనండి" అంది.

నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మొహం ముడుచుకునే, కండువా చేతి మీద వేసుకుని దాని వేళ్లు పట్టాడు.

"ఎంత?"

అది నా వైపు చూసింది, మళ్లీ ఆయన వైపు చూసింది. "చెప్పకూడదండి."

ఆయన పొట్ట ఊగేలా నవ్వాడు. "ఈ పిల్లని కూర్చోబెట్టుకుని తండ్రిని ఇంటికి పంపించవయ్యా" అని మా యజమానితో అంటూ అరుగెక్కాడు. వెనకాలే నేనూ ఎక్కాను.

నల్లపాడు తొమ్మిదిసార్లు వెళ్లాం. సైకిలు కడ్డీ మీద కూర్చుని, దారి పొడుగునా నన్ను ప్రశ్నలతో చంపేది. గూడ్సు వస్తే పెట్టెలు తను ఒకలా, నేను ఒకలా లెక్కపెట్టి దెబ్బలాడుకునేవాళ్లం. ఇంట్లో పోయిన వస్తువులన్నీ త్రాసులో ఒక పక్కన వేసినా, ఆ తొమ్మిది సాయంత్రాల వైపే ముల్లు మొగ్గుతుంది. తర్వాత అది ఎదిగింది, కడ్డీ మీద పట్టలేదు.

ఇప్పుడు కాలేజీలో లెక్కలే చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడల్లా "పదవే, మిగతావి తీర్చేస్తాను" అంటాను.

"తీర్చొద్దు నాన్నా, ఉండనీ" అంటుంది. వెళ్లేటప్పుడు మాత్రం నా కండువా కిందకి చెయ్యి పోనిచ్చి బాకీ గుర్తుచేస్తుంది. మొన్న రైలెక్కే ముందు కూడా పట్టింది, మూడు వేళ్లు.