చుక్కల డాక్టరమ్మ

అన్నయ్య గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు. ఆ సంగతి చెప్పడానికి అమ్మకి ఒక్క మాట చాలు. "మావాడు గుండె" అనేది, విన్నవాళ్లు అబ్బో అనేవాళ్లు. కూతురి సంగతి అడిగితే మాత్రం "అదీ డాక్టరేలెండి" అని, మంచినీళ్లు కావాలా అంటూ మాట మార్చేది. ఒంటికి ఏది పడుతుందో ఏది పడదో, ఒళ్లు దేని మీద ఎందుకు తిరగబడుతుందో కనిపెట్టే చదువమ్మా నాది, అలర్జీ, ఇమ్యునాలజీ అంటారు అని ఆమె ఓపిగ్గా చెప్పి చూసింది. పక్కనే పేపరు చదువుతున్న అన్నయ్య తల ఎత్తకుండానే "దురదలన్నమాట" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో దురదల డాక్టరు.

మార్కులు రాక ఆ కోర్సులో చేరిందని చుట్టాలు అనుకున్నారు. మార్కులు బాగానే వచ్చాయి. ఎముకలో కళ్లో తీసుకుంటుందని అన్నయ్య ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచాడు కూడా. ఆమె మనసు వేరే చోట పడింది. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక ముసలి డాక్టరు గదిలో కొన్నాళ్లు పనిచేసింది. అక్కడికి ఒక బడి పంతులమ్మ వచ్చింది, చీపురుపుల్లలా. ఎప్పుడో ఒంటి మీద దద్దుర్లు లేస్తే ఒక డాక్టరు గుడ్డు మానెయ్యమన్నాడట. తగ్గకపోతే ఇంకొకాయన పాలు మానెయ్యమన్నాడట, మరొకాయన గోధుమ, మరొకాయన వేరుశెనగ. తలా ఒకటీ లాక్కుంటే చివరికి ఆవిడ కంచంలో ఉప్పు వేసిన అన్నం మిగిలింది. ఏళ్ల తరబడి అదే తింటోంది.

ముసలి డాక్టరు ఆవిడ చేతి మీద వరసగా చుక్కలు వేసి, సూదిమొనతో తాకించి, కాసేపు ఆగి చూశాడు. ఒక్క ఇంటి దుమ్ము చుక్క తప్ప ఏదీ లేవలేదు. "నీకు గుడ్డుతో తగాదా లేదమ్మా, నీ పరుపుతో ఉంది" అన్నాడు. ఆ మర్నాడు తన ఎదురుగా కూర్చోబెట్టి, ముక్క ముక్కగా, మధ్యమధ్య ఆగుతూ ఒక ఉడికించిన గుడ్డు తినిపించాడు. పంతులమ్మ కళ్లు తుడుచుకుంటూనే తింది. అంతా అయ్యాక చాలాసేపు తటపటాయించి, "ఇంకోటి ఉంటుందాండీ" అని అడిగింది.

గుండె వార్డులో బతికి ఇంటికెళ్లినవాళ్లని ఆమె చాలామందినే చూసింది. ఇంకోటి ఉంటుందా అని అడిగినవాళ్లని మాత్రం చూడలేదు. ఇదే నా పని అనుకుంది.

"గుండె ఆగితే జనం నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. తుమ్మొస్తే నీ దగ్గరికెందుకొస్తారే, రుమాలు తీసుకుంటారు" అన్నాడు అన్నయ్య. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. అమ్మ ఇంకో మెట్టు ఎక్కింది. "పుడుతూనే నాకు దద్దుర్లు తెచ్చిపెట్టింది. ఇప్పుడు వాటి మీదే చదువుతానంటోంది." అందులో కొంత నిజముంది. ఆమె పుట్టిన వారంలోనే అమ్మకి జ్వరమొస్తే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి అందక నానా అవస్థా పడింది. అమ్మకి పెన్సిలిన్ పడదన్నది అప్పటి నుంచి ఇంట్లో అందరికీ తెలిసిన మాటే.

చదువు పూర్తయి ఉద్యోగంలో చేరితే ఆసుపత్రివాళ్లు మెట్ల కింద గది ఇచ్చారు. అంతకుముందు అందులో విరిగిన కుర్చీలు పడేసేవాళ్లు. పై అంతస్తుల్లోని పెద్ద డాక్టర్లకి ఏ రోగమో అంతు చిక్కకపోతే అలర్జీ అని ఒక మాట రాసి కిందికి తోలేసేవాళ్లు. ఆ వచ్చినవాళ్లందరినీ ఆమె ఒకటికి పదిసార్లు అడిగేది. ఏ గదిలో పడుకుంటారు, ఏ సబ్బు వాడతారు, పిల్లిని ఎవరు పెంచుతారు, దుప్పటి ఎప్పుడు దులిపారు. ఇన్ని ప్రశ్నలేంటని విసుక్కున్నవాళ్లే తర్వాత చుట్టాల్ని వెంటేసుకుని వచ్చేవాళ్లు. చుక్కల డాక్టరమ్మ అని పేరు పెట్టింది వాళ్లే. పెళ్లయ్యాక భర్త, ఒక బడిలో లెక్కల మాస్టారు, ఆ పేరు విని తెగ సంబరపడ్డాడు.

ఆ పనికో పద్ధతి ఉంది. అనుమానమున్న వస్తువులన్నిటి చుక్కలతో పాటు ఇంకో రెండు చుక్కలు వెయ్యాలి. ఒకటి ఉత్త ఉప్పునీరు, అది ఎవరికీ లేవకూడదు. రెండోది ఎవరి చేతి మీదైనా దోమ కుట్టినట్టు లేచి తీరాలి. దాన్ని ఆమె సాక్షి అనేది. సాక్షి లేవలేదంటే ఆ మనిషి ఏదో జలుబు మాత్రో దురద మాత్రో మింగి వచ్చాడన్నమాట. ఆ మాత్ర చర్మం నోరు నొక్కేస్తుంది, ఇక మిగతా చుక్కలు ఏం చెప్పినా నమ్మడానికి లేదు. అందుకే పరీక్షకి వారం ముందు నుంచి ఆ మాత్రలు బంద్ అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేది. అయినా పదిమందిలో ఇద్దరు వేసుకునే వచ్చేవాళ్లు, అడిగితే "జలుబు మాత్ర కూడా మందేనాండీ" అనేవాళ్లు. వాళ్లని నిలబెట్టి కడిగేసేది. ఈ ఒక్క విషయంలో ఆమెకి దయా దాక్షిణ్యం లేవు.

పరాయివాళ్లు ఆమె మాట వినేవాళ్లు. ఆమెకి కావలసింది మాత్రం ఇంట్లో చెల్లడం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బుజ్జి చెప్పింది కాబట్టి ఇలా చేద్దాం అని అమ్మ అంటే చాలనుకునేది. నెరిసిన జుట్టుతో, చేతి కింద నర్సులతో, ఇంత ఆసుపత్రిలో తిరిగే మనిషి ఇలా అనుకోవడం సిగ్గుగానే ఉండేది. అయినా అనుకునేది.

అమ్మ మోకాళ్లు అరిగిపోయి ఆపరేషన్ అవసరమైంది. అప్పుడు అన్నయ్య ఫోన్ చేశాడు. "ఆ పెన్సిలిన్ గొడవ ఎప్పటిదో. ఇప్పటికీ ఉందో లేదో నువ్వు చూస్తే, చీము పట్టకుండా ఆ జాతి మంచి మందే వాడొచ్చంటున్నారు. తీసుకొస్తా." ఆమె చెవుల్ని ఆమే నమ్మలేదు. వారం పాటు జలుబు మాత్రలాంటివి ఏవీ వద్దని ఒకటికి రెండుసార్లు చెప్పింది. పరీక్ష రోజు పొద్దున్నే వెళ్లి, ఆయా ఉండగా తానే గది తుడుచుకుంది.

అమ్మ వచ్చి కూర్చుని గది కలయజూసి, "కిటికీ కూడా లేదేంటే ఇక్కడ" అంది. అన్నయ్య నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమె చుక్కలు వేసింది, తాకించింది, ఆగింది. ఒక్కటీ లేవలేదు. సాక్షి కూడా లేవలేదు.

"అమ్మా, ఈ వారంలో ఏమైనా మాత్రలు వేసుకున్నావా?"

"బీపీది తప్ప ఏదీ లేదు."

"జలుబుకి?"

అమ్మ కొడుకు వైపు చూసింది. అన్నయ్య ఫోన్ జేబులో పెట్టాడు. "నిన్న ముక్కు కారుతోందంటే నేనే ఒకటిచ్చాలే. ఒక్కటే."

"వద్దని ఫోన్ చేసి మరీ చెప్పాను కదా."

"జలుబు మాత్ర బుజ్జీ. విషమేం కాదు. అయినా ఏమీ లేవలేదుగా, ఇంకేం?"

"ఏమీ లేవలేదంటే ఏమీ తెలియలేదని. పరీక్ష చెల్లదు. వచ్చే వారం మళ్లీ చెయ్యాలి. అప్పటిదాకా పెన్సిలిన్ జాతి మందు ఏదీ దగ్గరికి రానివ్వకండి."

"ప్రతిదాన్నీ బ్రహ్మవిద్య చేస్తావు నువ్వు" అన్నాడు అన్నయ్య, నర్సు ముందే. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇన్ని పోట్లు పొడిచి ఏమీ తేలలేదంటావేంటే. నీ దగ్గర ఇంకోసారి పొడిపించుకోలేను తల్లీ." నర్సు మొహం పక్కకి తిప్పుకుంది. డాక్టరమ్మకి తల తీసేసినట్టయింది.

ఆపరేషన్ వేరే మందుతో జరిగింది. చెల్లని పరీక్ష అని ఆమె స్వయంగా వెళ్లి మత్తు డాక్టరుకి చెప్పి వచ్చింది కాబట్టి అతను జాగ్రత్తపడ్డాడు. అమ్మ లేచి నడిచింది. "చూశావా, ఊరికే హడలగొట్టావు" అన్నాడు అన్నయ్య. ఈ వృత్తిలో ఇదొక దరిద్రం. పని సరిగ్గా జరిగితే ఏమీ జరగదు, ఏమీ జరగకపోతే నువ్వేం చేశావని అడుగుతారు.

మళ్లీ పరీక్షకి రమ్మన్న వారం వాళ్లు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఆమె ఫోన్ చెయ్యలేదు. ఈసారి బతిమాలేది లేదు, కావలిస్తే వాళ్లే వస్తారనుకుంది. చుక్కల సీసాలన్నీ టిఫిన్ డబ్బా అంత పెట్టెలో పడతాయి. ఏ ఆదివారమైనా సంచీలో పెట్టుకుని వెళ్లొచ్చు, లేదంటే అమ్మని మాటల్లో పెట్టి, కారు ఎక్కించి తన గదికి తెచ్చుకోనూ వచ్చు. వెళ్లిన ప్రతిసారీ పళ్లు పట్టుకెళ్లింది, కబుర్లు చెప్పింది, భోంచేసి వచ్చింది. ఆ ఊసు మాత్రం ఎత్తలేదు. ఎంత చదువుకున్నా పంతం పంతమే, పైగా అమ్మ మీది పంతం. దానికి మాత్రం ఆమె దగ్గర మందు లేదు.

ఆ తర్వాత ఒక ఏడాది వానల్లో అమ్మ కాలికి గాయమై చీము పట్టింది. అన్నయ్య ఏదో సదస్సుకి వెళ్లి ఊళ్లో లేడు. వదిన వీధి చివరున్న చిన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లింది. డాక్టరు చూసి మందు రాసి పై అంతస్తుకి వెళ్లాడు, వదిన మందుల కొట్టు దగ్గర నిలబడింది, నర్సు ఇంజెక్షన్ ఇచ్చింది. వదిన తిరిగొచ్చేసరికే అమ్మ గొంతు పట్టుకుని పెనుగులాడుతోంది. ఫోన్ రాగానే డాక్టరమ్మ ఎలా ఉన్నది అలా పరిగెత్తింది. ఆమె వెళ్లేసరికి డాక్టరు చేతులు తుడుచుకుంటున్నాడు. ఇలాంటప్పుడు ఊపిరి నిలబెట్టడానికి ఆమె సంచీలో ఎప్పుడూ ఉండే అడ్రినలిన్ సంచీలోనే ఉండిపోయింది.

అన్నయ్య వచ్చాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇల్లంతా చుట్టాలు. "అక్కకి ఆ మందు పడదని ఎప్పటి నుంచో తెలుసుగా, ఎలా ఇచ్చార్రా" అని పిన్ని అడిగింది.

"పడుతుందనే తేలింది పిన్నీ. బుజ్జే పరీక్ష చేసింది. ఏమీ లేవలేదు. ఆ రోజు కార్లో అమ్మకి నేనే చెప్పాను, ఇంక భయం లేదని" అన్నాడు. అబద్ధమాడాలని ఆడలేదు. అతను నిజంగానే అలా నమ్మాడు. అదే డాక్టరమ్మ ఒళ్లు మండించింది.

"పరీక్ష చెల్లదని ఆ రోజే చెప్పాను. నువ్విచ్చిన మాత్ర వల్ల చెల్లలేదు."

"జలుబు మాత్రకీ దీనికీ ఏం సంబంధమే" అంది పిన్ని. "ఇప్పుడా ఈ మాటలు" అంది వదిన మెల్లగా. అన్నయ్య ఆమె వైపు జాలిగా చూశాడు, తప్పు చేసి పక్కవాళ్ల మీదకి నెట్టే చిన్నదాన్ని చూసినట్టు. "పోనీలే బుజ్జీ. ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. నిన్నెవరూ ఏమీ అనట్లేదుగా" అన్నాడు. ఇంట్లో అందరూ ఆమెని క్షమించేశారు. ఆ క్షమ మింగలేక, ఉమ్మలేక ఆమె పెరట్లోకి వెళ్లి నిలబడింది.

కర్మలన్నీ అయ్యాక నర్సింగ్ హోమ్‌కి వెళ్లింది. పడని మందులేవైనా ఉన్నాయా అని ఒక్క మాట అడగకుండా సూది ఎలా గుచ్చారో తేల్చుకోవాలని వెళ్లింది. నిలబెట్టి కడిగేద్దామనే వెళ్లింది. ఇంజెక్షన్ ఇచ్చిన నర్సు దూది చుడుతోంది, నడివయసు మనిషి. ఆ రోజు గొడవలో వచ్చిపోయిన పదిమందిలో ఈమె ఎవరో ఆవిడకి తెలియదు.

"ఆ పెద్దావిడకి పెన్సిలిన్ ఇచ్చే ముందు అడిగారా మీరు?"

నర్సు చేతిలో దూది ఆగిపోయింది. "అడిగానమ్మా. నా పిల్లల మీద ఒట్టు, అడిగాను. ఒకప్పుడు పడేది కాదన్నారు. అయితే వద్దులెండి, డాక్టరుగారిని పిలుస్తాను అన్నాను. ఆవిడే నా చెయ్యి పట్టుకుని ఆపారు."

"ఏమన్నారు?"

"మా అమ్మాయి దీంట్లోనే పెద్ద డాక్టరు అన్నారు. ఇలాంటివన్నీ దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు, అదే స్వయంగా నా చెయ్యి చూసింది, ఏమీ లేదు, నువ్వు ఇచ్చెయ్యమ్మా అన్నారు. నవ్వుతూ అన్నారు. సూది గుచ్చుతున్నా కూతురి గురించే చెబుతున్నారు, మెట్ల కింద గది అయినా ఎంతమంది వస్తారో అని." నర్సుకి ఉన్నట్టుండి కోపం వచ్చింది. "అంత నమ్మకంగా చెబితే నేనేం చెయ్యను? నన్నెందుకమ్మా అడుగుతారు, వెళ్లి ఆ కూతుర్ని అడగండి."

డాక్టరమ్మ సంచీ భుజానికి తగిలించుకుంది.

"అడుగుతానమ్మా" అంది.