సున్నం మచ్చ ఉన్న దర్వాజ

మా మేనత్త పొద్దుగూకగానే తవుడు బస్తాను ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డం పెడుతుంది. పాత కొంప కాదు, కొత్త ఇల్లే. కట్టి రెండు వానాకాలాలు కూడా నిండలేదు. అయినా తలుపు మూసుకోదు, గొళ్ళెం పడదు. డెబ్బై దాటిన ఒంటరి ఆడమనిషి, బర్రె తినే తవుడుకు కాపలా అప్పజెప్పి పడుకుంటుంది. రాస్తుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

అత్తది పెన్‌పహాడ్ దగ్గర ఊరు. పిల్లలు లేరు. మామ పోయాక పాలు పోసుకుని బతుకుతోంది. సూర్యాపేటకు వచ్చి మా ఇంట్లో ఉండమని ఎన్నిసార్లు బతిమిలాడానో నాకే తెలియదు. "మరి నా బర్రెను నీ మూడో అంతస్తుకు ఎక్కిస్తవానే కోడలా?" అంటుంది. ఎక్కించలేను కాబట్టి నోరు మూసుకుంటాను.

పాత పెంకుటింటి గోడ వానకు కూలిపోతే, అక్కడే రెండు గదులు వేసుకోవాలనుకుంది. ఎవరో చెబితే మిర్యాలగూడ నుంచి ఒక కాంట్రాక్టర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, మాటకు ముందొక "పెద్దమ్మా", వెనకొక "పెద్దమ్మా". అత్త అతనికి ఒకటే షరతు పెట్టింది. పాత ఇంటి టేకు దర్వాజ, అంటే తలుపు రెక్కలూ, వాటి చుట్టూ ఉన్న చట్రమూ, కింది గడపా, అన్నీ జాగ్రత్తగా విప్పి కొత్త ఇంటికి పెట్టాలి. ఆమె కాపురానికి వచ్చిన ఏడాది మామ చేయించిన దర్వాజ అది.

"గట్లనే పెద్దమ్మా. చిత్రిక పట్టి, రంగేసి, పెండ్లిపిల్ల లెక్క నిలబెడ్త," అన్నాడు.

కాగితం రాసుకున్నారా అంటే, లేదు. పెద్దమ్మా అని పిలిచేవాడి దగ్గర కాగితం అడిగితే బాగుంటుందా అనుకుంది అత్త. నేనూ అదే అనుకున్నాను.

దర్వాజ నిలబెట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. నిండా ఎర్ర రంగు పూసిన చట్రాన్ని నలుగురు కలిసి ఎత్తారు. అత్త గడప కింద నవధాన్యాలు వేసి, పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. కాంట్రాక్టరుకు కొత్త బట్టలు పెట్టింది. అందరికీ మటన్ కూరతో భోజనాలు. శుభమా అని గడప నిలబెడుతుంటే, దాని మీద రంగు గోరుతో గీకి చూసేవాళ్ళు ఎవరుంటారు చెప్పండి?

గట్టి వానలు పడగానే బండారం బయటపడింది. రంగు పొరలు పొరలుగా లేచింది. కింద ఉన్నది టేకు కాదు, ఏదో నాసిరకం చెక్క. నీళ్ళు తాగి ఉబ్బింది, తర్వాత ఎండకు వంకర తిరిగింది. గొళ్ళెం ఒక దిక్కు, అది పడాల్సిన కొండీ ఇంకో దిక్కు. అత్త ఎడమవైపు నిలువు చెక్కను కిందికీ పైకీ తడిమి చూసింది. ఆమెకు పాన్ అలవాటు. తమలపాకుకు సున్నం రాసుకున్నాక వేలికి మిగిలింది ఎప్పుడూ దర్వాజకే తుడిచేది, అదీ ఒకే చోట, భుజం ఎత్తున. ఎన్ని ఏళ్ళు తుడిచిందో, అక్కడ టేకు తెల్లగా పాలిపోయి ఉండేది.

"ఇది నా దర్వాజ గాదే కోడలా. నా సున్నం మచ్చ ఏది?" అంది.

కాంట్రాక్టర్ ఆ రెండు ఫోన్లలో ఒక్కటీ ఎత్తలేదు. మిర్యాలగూడ వెళ్ళి ఇల్లు వెతికి పట్టుకుంటే, "సైటు మీదికి పోయిండు" అని కిటికీలోంచే జవాబు వచ్చింది. బండి మాత్రం మా కళ్ళ ముందే నీడన ఉంది. పోలీస్ స్టేషన్‌కు వెళితే, అక్కడి సారు అంతా విని, "ఇది సివిల్ మ్యాటరమ్మా. కాగితం ఉందా?" అన్నాడు. లేదన్నాను. "ఇంట్ల మొగోళ్ళు ఎవరు లేరా?" అన్నాడు.

"ఉంటే దర్వాజ మొలుస్తదా సార్?" అన్నాను. ఆ దెబ్బతో వినేవాడు కూడా వినడం మానేశాడు. సూర్యాపేటలో వకీలును అడిగితే ఆయనా కాగితమే అడిగాడు. కాగితం, కాగితం, కాగితం! ఆ మాట వింటే ఇప్పటికీ నాకు పళ్ళు నూరాలనిపిస్తుంది.

చివరికి ఊరి పెద్దమనుషులకు చెప్పుకున్నాం. అదే ఊళ్ళో ఇంకో ఇంటి పని ఒప్పుకుని ఉన్నాడు కాబట్టి, వాళ్ళు పిలిస్తే మాత్రం కాంట్రాక్టర్ వచ్చాడు. రాగానే అత్త కాళ్ళకు దండం పెట్టాడు. ఏం నటనరా నాయనా!

"పాత ఇల్లు ఇప్పినంక పాత సామాను మేస్త్రీదే గదా. అన్ని ఊర్లల్ల గదే నడుస్తది," అన్నాడు. "దాన్ని కోదాడల పాత కలప దుకాణంల అమ్మిన. దాసిపెట్టింది ఏమున్నది?"

"మళ్ళ పెడ్తనని మాటియ్యలేదా?" అని లేచాను.

"ఎవరి ముందర ఇచ్చిన అక్కా?" అని ఫోను తీసి అందరికీ ఒక ఫోటో చూపించాడు. ఎర్ర చట్రం ముందు అత్త నవ్వుతూ అతనికి బట్టలు పెడుతోంది. పక్కన పళ్ళెం పట్టుకుని నేను, పళ్ళన్నీ బయటపెట్టి. "పెద్దమ్మే పసుపు రాసింది, మొక్కింది. నచ్చకుంటె గప్పుడే చెప్పాలె గదా."

పెద్దమనుషులు ఆ ఫోటోను చేతులు మార్చుకుంటూ చూశారు. "మొక్కిన గడపను పీకుడు ఇంటికి మంచిది గాదు. జర సర్దుకపోండ్రి," అని పంచాయితీ ఖతం చేశారు. అతను మళ్ళీ అత్త కాళ్ళు మొక్కి బండెక్కాడు. ఆ చొక్కా పట్టుకుని కిందికి లాగనందుకు నా మీద నాకే కోపం.

కొత్త దర్వాజ నేను చేయిస్తానన్నాను. అత్త ఒప్పుకోలేదు. "నీ పైసలు నీ దగ్గర వెట్టుకో. నాది నాకు గావాలె. కోదాడల అమ్మిన అన్నడు గదా, యాడున్నదో సూద్దాం పా."

కోదాడ దుకాణంవాడు మంచివాడే. దర్వాజ గుర్తుంది, కొన్నవాళ్ళ ఇల్లూ చెప్పాడు. ఆ సందులోకి తిరగగానే అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కొత్త మేడకు మా దర్వాజ పాలిష్‌తో మెరిసిపోతోంది. గడపకు పచ్చగా పసుపు, దాని ముందు ముగ్గు. ఇంటాయన, ఆయన భార్య బయటికి వచ్చారు. నేను ఒక్క ఊపిరిలో సంగతంతా చెప్పేశాను.

ఆయన లోపలికి వెళ్ళి బిల్లు తెచ్చి చూపించాడు. ఈయన దగ్గర మాత్రం కాగితం ఉంది! "ఎవరిదో ఏంటో మాకేం తెలుసండీ? డబ్బులిచ్చి కొనుక్కున్నాం. ఎంత పాలిష్ పట్టించినా ఈ మచ్చ ఒక్కటి పోవట్లేదు," అంటూ ఎడమవైపు చెక్క చూపించబోయాడు. ఆయన చూపించేలోపే అత్త వేలు అక్కడికి చేరింది.

"మీ బాధ నాకు అర్థమైందండీ. కానీ గృహప్రవేశం అయిపోయింది. పూజ చేసిన గడప పీకమంటే ఎట్లాగ చెప్పండి? కావాలంటే తలుపు రెక్కలు తీసుకెళ్ళండి," అన్నాడు.

వంకర చట్రానికి ఆ రెక్కలు బిగించి ఏం చేసుకోవాలి? పోలీసులను తీసుకొస్తానని నోటిదాకా వచ్చింది. కానీ ఆయన మోసగాడు కాదు. తిట్టడానికి ఎదురుగా ఒక్క దొంగ కూడా లేకపోవడమే నన్ను కాల్చుకు తింది.

"వద్దు బిడ్డా, గడప పీకద్దు," అంది అత్త.

"మరి ఇంత దూరం ఎందుకొచ్చినం అత్తా?" అని రోడ్డు మీదే అరిచాను. అత్త నా వైపు చూడలేదు. ఇంటామెను అడిగింది: "బిడ్డా, ఒక్కసారి తలుపేసి సూస్త. ఏమనుకోవు గదా?"

"అయ్యో, వేసుకోండమ్మా," అందామె.

అత్త గడప తొక్కకుండా దాటి లోపలికి వెళ్ళింది. రెండు రెక్కలూ దగ్గరికి వేసింది. ఎక్కడా పట్టకుండా, కిర్రుమనకుండా కలిశాయి. లోపల గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది. ఇంటివాళ్ళిద్దరూ, నేనూ వీధిలో నిలబడ్డాం. ఎంతకీ తలుపు తెరుచుకోలేదు. ఇంటామె కంగారుగా నా వైపు చూస్తుంటే, నేనే వెళ్ళి తట్టాను.

"అత్తా, తియ్యి. వాళ్ళ ఇల్లది."

"తీస్త," అంది లోపలి నుంచి. "ఎన్ని దినాలాయెనే కోడలా, గొళ్ళెం ఏసుకోక. జరసేపు ఉండనియ్యి."

నేను మళ్ళీ తట్టలేదు.