ఇత్తడి స్క్రూలు

బంగారు మామకు పెళ్లాం కంటే స్క్రూడ్రైవరే ముద్దని మా లాబ్‌లో అందరం ఏడిపించేవాళ్లం. కోయంబత్తూరులో ముప్పై ఏళ్లు పంపు మోటార్లకు రాగితీగ చుట్టిన మనిషి. వర్క్‌షాప్ మూతపడ్డాక మా కాలేజీలో సహాయకుడిగా చేరాడు. స్క్రూడ్రైవర్ మొనను అయస్కాంతానికి రుద్ది పెట్టుకునేవాడు. స్క్రూ దానికే అతుక్కుంటుంది, జారదు. మోటారు పనివాళ్లకు అది అలవాటే.

మా పరిశోధక విద్యార్థిని కృత్తికది కోయంబత్తూరు పక్కనున్న కారమడై, ఇంట్లో తెలుగే. ఆమె పరిశోధన అయస్కాంతపు పలుచటి పొర మీద. మెదడులోని నాడీకణం చిన్న చిన్న ప్రేరణలను కూడబెట్టుకుని ఒక్కసారిగా స్పందిస్తుంది. ఆ పొరా అంతే, కరెంటు పల్సులను ఒక్కొక్కటే కూడబెట్టి, హద్దు దాటగానే సంకేతం ఇస్తుంది. పది పన్నెండు పల్సులు పడతాయని ఆమె అంచనా. మూడు నెలలుగా నాలుగింటికే ఇస్తోంది. అంత తక్కువ కరెంటుతోనా! వ్యాసం రాసేసింది, సోమవారం పంపాలి. పిల్ల మొహం వెలిగిపోతోంది.

శుక్రవారం మామ ఆ పొర ఉన్న చిప్పు మారుస్తుంటే, బల్లమీది గుండుసూది వెళ్లి చిప్పును పట్టి ఉంచే హోల్డర్ స్క్రూకు అంటుకుంది. మామ వంగి చూశాడు. అక్కడ ఇత్తడి స్క్రూలే ఉండాలి. అవి స్క్రూడ్రైవర్‌కు అతుక్కోవు, తనకేమో చూపు ఆనదు. అందుకని పాత డబ్బాలోంచి ఇనుపవి తెచ్చి బిగించింది తనే. వాటికీ అయస్కాంతం పట్టింది, పొరను పక్కనుంచి నెడుతున్నది అవే, నాలుగింటికే సంకేతం రావడం అందుకే. నెలాఖరుకు ఆయన కాంట్రాక్టు అయిపోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. టీ కూడా తాగకుండా గంటసేపు కూర్చున్నాడు. భయం వేసిందని తర్వాత నాతో ఒప్పుకున్నాడు. చివరికి లేచి కృత్తిక దగ్గరికి వెళ్లాడు.

“అమ్మిణీ, తప్పు నాది. ఇత్తడివి జారిపోతుండాయని ఇనుపవి ఏస్తిని.”

“ఎప్పుడు మామా?”

“మూణ్ణెల్లాయె. మోటారుకు తీగ తప్పుగా సుడితే కాలిపోతాది, తెలుస్తాది. ఇది కాలదు గదమ్మిణీ.”

కృత్తిక కళ్లు నిండాయి.

“ఇత్తడివి ఉండాయా?”

“ఉండాయి.”

“బిగించండి. నేను లైటు పడతాను.”

రెండు స్క్రూలు కింద పడితే ఆమే వంగి తీసిచ్చింది. తీగ చుట్టేటప్పటి అలవాటుతో మామ పల్సులు పైకే లెక్కపెట్టాడు. నాలుగు దాటింది. ఏమీ రాలేదు. ఆమె పెదవి కొరుక్కుంది. పదకొండుకు సంకేతం వచ్చింది.

సోమవారం వ్యాసం వెళ్లలేదు. డిపార్ట్‌మెంట్ హెడ్‌కు ఆమె ఉత్తరం ఒకటి వెళ్లింది. కొలతలన్నీ మొదటినుంచి మళ్లీ తీయాలట, పల్సులు లెక్కపెట్టడానికి బంగారు మామే కావాలట.